25 అడుగుల నడక

మొన్నటి వేసవిలో మా కార్యాలయమునకు ఒక శ్రోత వ్రాసిన జాబు వచ్చినది. వారు ఒక పల్లెటూరి బడిలో ఉపాధ్యాయులు. వారి భార్యకు 34 ఏండ్లు. ఆమెకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అను నరముల జబ్బు ఉన్నదని మూడేండ్ల క్రిందట తేలినదట. మందులతోబాటు వ్యాయామము కూడ చేయించవలెనని నగరములోని వైద్యులు చెప్పినారు. ఇంటిలోని పెద్దలు వలదన్నారు. వ్యాయామము చేయించు కేంద్రమునకు బస్సులో మూడు గంటల ప్రయాణము. "వారమునకు రెండు పర్యాయములు తీసికొనిపోయి తీసికొని వచ్చితిని. వెళ్ళి వచ్చిన మరునాడు ఆమె మంచము దిగలేకపోయెడిది. నెల తిరుగకముందే మానివేసితిమి. మేము చేసినది తప్పా?" అని వారు అడిగినారు.

ఆ జాబునకు రెండు మాటలలో బదులు వ్రాయుట సాధ్యము కాలేదు. అందులో రెండు ప్రశ్నలు పెనవేసికొని ఉన్నవి. ఈ వ్యాధి ఉన్నవారు వ్యాయామము చేయవచ్చునా అనునది మొదటిది. చేయవచ్చునన్నచో అందుకొరకు ఆసుపత్రి దాకా పోవలసినదేనా, ఇంటనే ఉండి దూరమున ఉన్న శిక్షకుని పర్యవేక్షణలో చేసినచో చాలదా అనునది రెండవది. మొదటి ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటకు వైద్యలోకమునకు ఇంచుమించు నూరేండ్లు పట్టినది. రెండవదానిని గురించిన పరిశోధనలు ఇటీవలి కాలమున విరివిగా జరుగుచున్నవి. మేము వైద్యులము కాము. అయినను తెలిసినవారు వ్రాసినదానిని చదివి శ్రోతలకు అర్థమగు తీరున చెప్పుట మా వృత్తి గనుక ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

ముందుగా ఈ జబ్బు స్వరూపమును గ్రహింపవలెను. మా వృత్తిలోని పోలికనే చెప్పెదము. స్టూడియోలో మాటలాడువాని గొంతు బాగున్నది. మీ ఇంటిలోని రేడియో పెట్టెయు బాగున్నది. కాని నడుమ ఆ గొంతును మోసికొనిపోవు తీగమీది తొడుగు అక్కడక్కడ ఊడిపోయినది. అప్పుడేమగును? మాట తెగితెగి వినబడును, ఒకప్పుడు గరగరలాడును, ఒకప్పుడు బొత్తిగా వినబడదు. మన మెదడులోను, వెన్నుపాములోను సందేశములను మోయు నాడీతంతువులకు కూడ మైలిన్ అను కొవ్వు పదార్థపు తొడుగు ఉన్నది. బయటినుండి వచ్చు సూక్ష్మక్రిములతో పోరాడవలసిన దేహరక్షణ బలగము దారితప్పి ఈ తొడుగు మీదనే దాడి చేయుట ఈ వ్యాధిలోని మూల విషయము. దాడి జరిగిన తావులలో గట్టిపడిన మచ్చలు ఏర్పడును. స్క్లెరోసిస్ అనగా గట్టిపడుట. మల్టిపుల్ అనగా పెక్కు చోట్ల. 1868లో పారిస్ నగరమునందలి సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో షార్కో అను వైద్యుడు ఈ మచ్చలకును, రోగులు బ్రతికియుండగా వారిలో కనబడిన లక్షణములకును గల సంబంధమును వివరించి, దీనిని ప్రత్యేక వ్యాధిగా గుర్తింపజేసినాడు.

మచ్చ ఎక్కడ పడునో బాధ అక్కడిది. ఒకరికి చూపు మసకబారును. ఒకరికి కాలు ఈడ్చుకొనిపోవును. ఒకరికి కండరములు కొయ్యబారును, తూలు వచ్చును, మూత్రముపై అదుపు తప్పును. నూటికి 85 మందిలో మొదట ఇది వచ్చిపోవు జబ్బుగా ఉండును. కొన్ని దినములో, వారములో పీడించి, పూర్తిగానో కొంతవరకో తగ్గి, మరల ఎప్పుడో తిరగబెట్టును. సాధారణముగా 20 మొదలు 40 ఏండ్ల లోపున, అనగా ఉద్యోగము, పెండ్లి, పిల్లలు అన్నియు ముసురుకొనియుండు వయస్సున బయటపడును. స్త్రీలలో పురుషులకంటె రెండింతలు ఎక్కువ. 2020లో వెలువడిన లెక్కల ప్రకారము ప్రపంచమున 28 లక్షల మందికి ఈ వ్యాధి ఉన్నది. చలి దేశములలో అధికము. మన దేశములో స్వల్పము. స్వల్పమగుటయు ఒక కష్టమే. పేరు విన్నవారు చుట్టుప్రక్కల ఉండరు. పక్షవాతమని కొందరు, గాలి సోకినదని కొందరు, ఒట్టి నీరసమని కొందరు చెప్పుచుండగా ఏండ్లు గడచిపోవును.

వీటన్నింటిలో బయటివారికి కనబడనిది అలసట. ఈ వ్యాధి ఉన్నవారిలో నూటికి 75 మందికి పైగా దానిని గురించి చెప్పుకొందురు. మనము పొలము పని చేసియో, కాగితములు తిరుగవేసియో పొందు అలసట వంటిది కాదది. రాత్రి కంటినిండ నిద్రపోయి లేచినను ఒంటిలోని సత్తువ నంతటిని ఎవరో తోడివేసినట్లు ఉండునట. చూచుటకు మనిషి నిక్షేపముగా ఉండును. నాలుగు బిందెల నీరు తోడలేదు. ఎన్నో ఇండ్లలో సోమరితనమను మాట పడవలసి వచ్చుట ఇందువలననే. మా ఉపాధ్యాయ మిత్రుని జాబులో ఆ మాట లేదు. ఆ ఇంటి పెద్దలు కోడలిమీది దయతోనే వ్యాయామము వలదన్నారు. దయతో ఇచ్చినదైనను ఆ సలహా ఎక్కడినుండి వచ్చినదో తెలిసికొనదగును. అది వారు కల్పించినది కాదు. ఒకప్పుడు వైద్యులు చెప్పినదే.

1890లో జర్మనీ దేశపు కంటివైద్యుడు విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ ఈ రోగుల చూపును పరీక్షించుచు ఒక వింత గమనించినాడు. కొందరికి శ్రమపడిన వెంటనే చూపు మసకబారుచున్నది. కొంతసేపు విశ్రమించిన పిదప మరల తేటపడుచున్నది. శ్రమయే దీనికి కారణమని తలచుట సహజము. తరువాతి కాలమున తేలినదేమనగా, దోషము శ్రమది కాదు, శ్రమవలన పుట్టిన వేడిది. తొడుగు చెడిన నాడి వేడిని ఓర్వలేదు. దేహపు ఉష్ణోగ్రత అర డిగ్రీ పెరిగినను, అంతవరకు ఎట్లో సాగుచున్న సందేశము ఆగిపోవచ్చును. చల్లబడినంతనే మరల సాగును. అది తాత్కాలికమైన మసకయే గాని కొత్తగా పడిన మచ్చ కాదు. ఇరువదవ శతాబ్ది మధ్యభాగమున రోగిని వేడినీటి తొట్టిలో కూర్చుండబెట్టి, లక్షణములు పైకి వచ్చునేమో చూచుట వ్యాధి నిర్ధారణకు ఒక పద్ధతిగానే ఉండెడిది. ఎమ్మారై యంత్రములు వచ్చిన పిమ్మట ఆ మోటు పరీక్షతో పని లేకపోయినది. పరీక్ష పోయినది గాని భయము పోలేదు. అలసిపోవలదు, ఉన్న శక్తిని దాచుకొనవలెను అను సలహాయే దశాబ్దముల తరబడి రోగులకు అందుచు వచ్చినది. వైద్యులు దానిని విడిచిపెట్టిన తరువాత కూడ అది ఇండ్లలో నిలిచియున్నది. సలహాలకు ఆయుర్దాయము ఎక్కువ.

ఆ భయమును గట్టిగా కదలించిన ప్రయోగము 1996లో వెలువడినది. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమునకు చెందిన జాక్ పెటాజన్, ఆయన సహచరులు 54 మంది రోగులను, చీట్లు వేసి పంచినట్లు, రెండు జట్లుగా విభజించినారు. ఒక జట్టువారు 15 వారములపాటు, వారమునకు మూడు పర్యాయములు, ఒక్కొక్క పర్యాయము 40 నిమిషములు, చేతులతోను కాళ్ళతోను త్రిప్పు నిలకడ సైకిలు వంటి యంత్రముపై సాధన చేసినారు. రెండవ జట్టువారు తమ మామూలు జీవితమునే గడిపినారు. చివర కొలిచి చూడగా, దేహము ప్రాణవాయువును వినియోగించుకొను శక్తి మొదటి జట్టులో 22 శాతము పెరిగినది. రెండవ జట్టులో 1 శాతము. మనస్సులోని దిగులు, చిరాకు కూడ సాధన చేసినవారిలో కొంత తగ్గినవి. అంతకుముందు మంచమునకు పరిమితము కావలసినవారని తలచిన మనుష్యులు వీరు.

వ్యాధి తిరగబెట్టదా అను శంక మిగిలినది. 2014లో లారా పిలుట్టి, ఆమె సహచరులు 26 ప్రయోగములనుండి 1,295 మంది వివరములను ఒక చోటికి చేర్చి చూచినారు. వ్యాయామము చేసినవారిలో 4.6 శాతము మందికి, చేయనివారిలో 6.3 శాతము మందికి ఆ కాలములో వ్యాధి తిరగబెట్టినది. ఇతరమైన ఇబ్బందులు చేసినవారిలో 2 శాతము, చేయనివారిలో 1.2 శాతము. ఈ అంకెలనుబట్టి వ్యాయామము వ్యాధిని రెచ్చగొట్టునని చెప్పుటకు ఆధారము లేదు. అట్లని వ్యాయామము వ్యాధిని మాన్పునని చెప్పుటకును వీలులేదు. లెక్కలు అంత దూరము పోవు. ఊడిన తొడుగును తిరిగి తొడుగుట వ్యాయామము పని కాదు. దాడిని అరికట్టు మందుల స్థానము మందులదే.

మరి వ్యాయామము చేయు మేలు ఏమి? నడవలేక కూర్చుండుట ఒకటి. కూర్చుండి కూర్చుండి నడవలేకపోవుట మరియొకటి. మొదటిది వ్యాధి చేసినది. రెండవది మనము దానికి జోడించినది. కదలని కాలి కండరము సన్నగిల్లును, గుండె కొద్దిపాటి శ్రమకే దడదడలాడును, కీళ్ళు బిగిసికొనును. ఇవన్నియు జబ్బు ఖాతాలోనే జమపడును. వ్యాయామము ఈ రెండవ నష్టమును పూడ్చును. అలసటను కూడ పలువురిలో తగ్గించును. సత్తువ లేనివాడు సత్తువను ఖర్చుపెట్టి సత్తువను పొందుట వినుటకు విడ్డూరముగా ఉన్నను జరుగుచున్నది అదే. 2013లో కెనడా దేశీయులు ప్రకటించిన మార్గదర్శకముల ప్రకారము, వ్యాధి తీవ్రత మితముగా ఉన్న పెద్దవారు వారమునకు రెండు పర్యాయములు 30 నిమిషముల చొప్పున, ఒక మోస్తరుగా ఒగర్పు పుట్టునట్టి వ్యాయామమును, అట్లే రెండు పర్యాయములు కండరముల బలమునకు సంబంధించిన సాధనను చేయవలెను. 2020లో అమెరికాలోని జాతీయ మల్టిపుల్ స్క్లెరోసిస్ సంఘము పక్షమున నిపుణులు ఇచ్చిన సిఫారసులు ఇంకను ముందుకు పోయినవి. శక్తికి తగినట్లు వారమునకు 150 నిమిషములు లక్ష్యముగా పెట్టుకొనవచ్చునని, చక్రముల కుర్చీలో ఉన్నవారికి కూడ తగిన కదలిక ఉండవలెనని అందులో చెప్పినారు.

ఇక రెండవ ప్రశ్న. మా మిత్రుని భార్యకు వారమునకు రెండు అరగంటలు కావలెను. ఆ రెండు అరగంటలకొరకు ఆమె పండ్రెండు గంటలు బస్సులో గడపినది. ఉన్న కొద్ది శక్తియు రోడ్డు పాలైనది. కాలు విరిగినవానికి దూరము ఒక అసౌకర్యము. ఈ వ్యాధి ఉన్నవారికి దూరము జబ్బులో ఒక భాగము. ఈ సంగతి మన పల్లెలకే పరిమితము కాదు. అమెరికా దక్షిణ ప్రాంతములోని అలబామా, మిసిసిపి, టెనెసీ రాష్ట్రములలో కూడ పట్టణములకు దూరమున, సొంత కారు లేని కుటుంబములు ఇట్లే అవస్థపడుచుండగా, బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయమునకు చెందిన జేమ్స్ రిమ్మర్ బృందము ఒక పెద్ద ప్రయోగమును తలపెట్టినది. దాని పథకమును 2018లో ప్రకటించినారు. పండ్రెండు వారములలో 20 పాఠములు. ఒక వర్గమువారు సమీపమున ఉన్న చికిత్సాలయమునకు పోయి శిక్షకుని ఎదుట చేయుదురు. మరియొక వర్గమువారికి అవే పాఠములను చిత్రించి, పలక వంటి చిన్న కంప్యూటరులో పెట్టి ఇంటికి పంపుదురు. ఆ పాఠములలో మన యోగాసనములకును చోటు దొరకినది. కుర్చీలో కూర్చుండి చేయదగినట్లు వాటిని మలచుకొన్నారు. పద్మాసనము వేయలేనివాడు యోగమునకు పనికిరాడని తలచు మనవారు ఈ సంగతి గమనింపదగును.

చికిత్సాలయములో లభించునది ఏమి? యంత్రములు కాదు. అనుభవము గల ఒక జత కళ్ళు, ఒక జత చేతులు. రోగి నడచుచుండగా ఆరవ నిమిషమున ఎడమ పాదపు బొటనవ్రేలు నేలకు రాచుకొన నారంభించును. ఆమెకు తెలియదు, ప్రక్కనున్న ఫిజియోథెరపిస్టుకు తెలియును. తూలు వచ్చినచో పట్టుకొనును. కండరము బిగుతు ఎంతయో చేతితో తాకి చూచును. ఇది చిన్న విషయము కాదు. నాలుగు దేశములలోని 537 మంది రోగుల వివరములను 2015లో కలిపి చూడగా, మూడు నెలల వ్యవధిలో 56 శాతము మంది ఒక్కసారియైనను క్రిందపడినట్లు తేలినది. అంతేగాక అక్కడ తనవంటివారు నలుగురు కనబడుదురు. ఊరంతటికి తానొక్కతెయే అను భావముతో బ్రతుకుచున్న మనిషికి ఆ నలుగురు ఎంత ఊరటయో చెప్పనక్కరలేదు.

ఇంటివద్ద లభించునది వేరు. ప్రయాణము తప్పును, తనకు సత్తువ ఉన్న వేళను తానే ఎన్నుకొనవచ్చును. మాకు ఇంకను ముఖ్యముగా తోచినది మరొకటి ఉన్నది. రోగి పడిపోవునది ఆసుపత్రిలోని నునుపైన వసారాలో కాదు. తన ఇంటి గడపవద్ద, తడిసిన నూతి చప్టావద్ద, పీటమీదనుండి లేచునప్పుడు. వీడియోలో చూచుచున్న శిక్షకునికి ఆ గడప కనబడును. ఎంత ఎత్తున్నదో, ప్రక్కన పట్టుకొనుటకు ఏమున్నదో, ఏ కాలు ముందు వేయవలెనో అక్కడనే చూపవచ్చును. చికిత్సాలయములో ఎంత ప్రజ్ఞ ఉన్నను ఆ గడప అక్కడ ఉండదు.

ఈ రెండింటిని తూచి చూచినవారు ఏమన్నారు? 2015లో కోక్రేన్ సంస్థ పక్షమున ఫారీ ఖాన్ బృందము, మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులకు దూరమునుండి జరిపిన పునరావాస చికిత్సలపై అప్పటికి వచ్చిన తొమ్మిది ప్రయోగములను, 531 మంది వివరములను పరిశీలించినది. మేలు జరుగుచున్న సూచనలు ఉన్నవి గాని, సాక్ష్యము బలహీనమని, ఒక్కొక్కరు ఒక్కొక్క పద్ధతిని అనుసరించుటచే పోల్చుట కష్టమని వారు నిర్మొగమాటముగా వ్రాసినారు. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున లోర్నా పాల్, ఆమె సహచరులు 2014లో 30 మందితో ఒక చిన్న ప్రయోగము చేసినారు. రోగులు ఇంటిలో కంప్యూటరులోని పాఠములను చూచి వారమునకు రెండు పర్యాయముల చొప్పున పండ్రెండు వారములు వ్యాయామము చేసినారు; దినచర్యను వ్రాసినారు; ఫిజియోథెరపిస్టు దానిని దూరమునుండియే చూచి పాఠములను మార్చుచు వచ్చినది. నడక వేగములో లెక్కకు నిలుచు భేదము కనబడలేదు. కాని రోగులకు ఆ పద్ధతి నచ్చినది. 2019లో అదే వర్గము 90 మందితో మరల ప్రయత్నించి, ఇట్టి చికిత్స ఆచరణకు లొంగునని నిరూపించినది.

అదే 2019లో అమెరికాలో రాబర్ట్ మోటల్, డెబొరా బేకస్ మరికొందరు ఈ ప్రశ్ననే సూటిగా అడుగు పెద్ద ప్రయోగపు రూపురేఖలను ప్రకటించినారు. నడకలో ఇబ్బంది మొదలైన రోగులకు 16 వారముల ఒకే వ్యాయామక్రమము. కొందరికి చికిత్సాలయములో, కొందరికి ఇంటిలో. నడక, సాగునట్టి రబ్బరు పట్టీలతో కండరముల సాధన, ఇవి ఆ క్రమములోని ముఖ్యాంశములు. ఇంటిలో ఉన్నవారితో శిక్షకులు వీడియోలో మాటలాడుచుందురు. ఆ మరుసటి ఏటనే కోవిడ్ వచ్చి చికిత్సాలయముల తలుపులు మూసినది. అంతవరకు పరిశోధకుల పథకముగా ఉన్నది ఒక్కసారిగా లోకమంతటికి అవసరమైనది. మన దేశములోను వైద్యులు ఫోను ద్వారా, వీడియో ద్వారా రోగులకు సలహా నిచ్చుటకు నియమములు 2020 మార్చి 25న వెలువడినవి.

ఇట్టి ప్రయోగములలో నడకను కొలుచు పద్ధతి సామాన్యుడు కూడ గ్రహింపగలిగినంత సులభమైనది. నేలమీద 25 అడుగుల దూరమున రెండు గీతలు గీయుదురు. పడిపోకుండ ఎంత వడిగా నడువగలరో అంత వడిగా నడువుమందురు. కర్ర ఉన్నవారు కర్రతోనే నడువవచ్చును. గడియారము చూచి సెకండ్లు వ్రాసికొందురు. అంతే. కాని ఈ సెకండ్లు జీవితమునే చెప్పును. 2013లో వెలువడిన ఒక అమెరికా పరిశీలనలో, 6 సెకండ్లు పట్టినవారిలో ఉద్యోగము మార్చుకొనుట, కర్ర పట్టుట వంటివి ఎక్కువగా కనబడినవి. 8 సెకండ్లు దాటినవారిలో ఇంటిపనులకు కూడ పరుల సాయము అవసరమగుట ఎక్కువ. కాలము 20 శాతము పెరిగినను, తగ్గినను ఆ మార్పును లక్ష్యపెట్టవలసినదిగా వైద్యులు భావింతురు. మన పల్లెటూరి పెంకుటింటిలో వీధి గుమ్మమునుండి పెరటి గుమ్మము వరకు ఇంచుమించు ఇంతే దూరము. ఈ దూరమును ఒంటరిగా దాటగలుగుటకును దాటలేకపోవుటకును నడుమ ఒక మనిషి స్వాతంత్ర్యము ఉన్నది.

ఇక్కడ మా వృత్తిని గురించి ఒక మాట. మేము ప్రతిదినము గొంతును దూరము పంపువారము. ఎదుటివారు వినుచున్నారో, కునుకు తీయుచున్నారో, లేచి స్నానమునకు పోయినారో మాకు తెలియదు. అందువలన దూరమునుండి వ్యాయామము అనగానే మాకు మొదట నమ్మకము కలుగలేదు. మైకు ముందు కూర్చుండి చేతులు పైకెత్తుడనిన ఎత్తువారెందరు? పై ప్రయోగముల వివరములు చదివిన పిదప మా తడబాటు ఎక్కడనో తెలిసినది. అవి మా ప్రసారముల వంటివి కావు. అక్కడ బదులు వచ్చును. ఒక మనిషి వారము వారము పేరు పెట్టి పిలుచును. మొన్న ఎనిమిది పర్యాయములు లేచితిరి, నేడు ఆరేనా, ఏమైనదని అడుగును. పాఠమును చిత్రించి పంపి ఊరకుండుట చికిత్స కాదు. ఇంటిలో చేసినను, ఆసుపత్రిలో చేసినను, ఆ అడుగువారు ఉండుటయే అసలు సంగతియని మా అభిప్రాయము. రెండింటిలో ఏదో ఒకటి ఎన్నుకొనవలెనన్న నిర్బంధమును లేదు. మొదట ఒకటి రెండు పర్యాయములు కేంద్రమునకు పోయి శరీరమును పరీక్ష చేయించుకొని, తన హద్దులు తెలిసికొని, పిమ్మట ఇంటివద్ద సాగించి, మూడు నాలుగు నెలలకొకసారి మరల చూపించుకొనుట మాకు అన్నింటికంటె సబబుగా తోచుచున్నది.

అయితే చలి దేశములవారు వ్రాసినదానిని మనము యథాతథముగా తెచ్చుకొనుటకు వీలులేదు. ఊట్‌హాఫ్ చూచిన మసక జర్మనీ వాతావరణములోనిది. 40 డిగ్రీలు దాటు రామగుండము, రెంటచింతల వేసవిలో నాడికి కలుగు ఇబ్బందిని వేరుగా చెప్పనక్కరలేదు. మన రోగులు ఎండాకాలమున సూర్యోదయమునకు ముందే సాధన ముగించుట మంచిది. ముందుగా చల్లని నీరు త్రాగి, మెడచుట్టు తడిబట్ట వేసికొని, పంకా క్రింద చేయవలెను. ఒక్కసారి అరగంట చేయలేనివారు పది నిమిషముల చొప్పున మూడు వాయిదాలలో చేయవచ్చును. సాధన నడుమ చూపు మసకబారినచో భయపడక ఆగి చల్లబడవలెను. కొంతసేపటికి తేరుకొన్నచో అది వేడివలన వచ్చినదే. కొత్త బలహీనతగాని, కొత్త తిమ్మిరిగాని ఒక దినము దాటి నిలిచినచో అది వేరు. వెంటనే నరముల వైద్యునికి తెలుపవలెను. జ్వరము ఉన్నప్పుడు, వ్యాధి తిరగబెట్టి ఉన్నప్పుడు వ్యాయామము ఆపివేసి, వైద్యుని మాటపైననే మరల మొదలిడవలెను.

మరి రెండు సంగతులు చాలమందికి తెలియవు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో పేర్కొన్న 21 వైకల్యములలో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఒకటి. తగిన స్థాయిలో వైకల్యము ఉన్నట్లు ధ్రువపత్రము పొందినవారికి ఆ చట్టము క్రింద సౌకర్యములు ఉన్నవి. 1985లో బొంబాయిలో ఏర్పడిన భారత మల్టిపుల్ స్క్లెరోసిస్ సంఘమునకు హైదరాబాదులోను శాఖ ఉన్నది. ఊరంతటికి తానొక్కతెయే అనుకొను మనిషికి కనీసము ఫోనులోనైనను తోటివారు దొరకుదురు.

మా ఉపాధ్యాయ మిత్రునికి ఈ విషయములన్నియు వ్రాసి, చివర ఇట్లు వ్రాసితిమి. మీరు చేసినది తప్పు కాదు; బస్సును మానివేసితిరి, మంచిదే. బస్సుతోబాటు వ్యాయామమును కూడ మానివేయుట అక్కరలేదు. మీ వైద్యుని అడిగి, ఒక్కసారి కేంద్రమునకు పోయి, వారానికొకసారి వీడియోలో చూచుటకు ఒప్పుకొను ఫిజియోథెరపిస్టును కుదుర్చుకొనుడు. చేతులు లేని గట్టి కుర్చీ నొకదానిని గోడకు ఆనించి వేయుడు; దానిమీదనుండి లేచి కూర్చుండుటయే మొదటి పాఠము. ఆమె చేయునప్పుడు ఇంటిలో ఒకరు ప్రక్కన ఉండవలెను. మీ అమ్మగారినే ఉండుమని అడుగుడు. వలదన్నవారే ప్రక్కన నిలిచి లెక్కపెట్టిన బాగుండును. వీధి గుమ్మమునుండి లోపలికి 25 అడుగులు కొలిచి, రెండు గీతలు గీసి, నెలకొకసారి ఆమె నడకను గడియారముతో చూచి, తేదీతో సహా ఒక పుస్తకములో వ్రాయుడు. గీతలకు కావలసిన సుద్దముక్క మీ బడిలో ఉండనే ఉన్నది.